అందరూ అమ్మేవాళ్లే అయితే కొనేదెవరు?
ఆసియా దేశాల ఆర్థిక ఏకీకరణ, చైనా పెద్దరికం: స్మారకోపన్యాస పాఠం



ఈ హాల్లో సగం మంది, ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లకు ఆయన్ని పరిచయం చేయబోవడం తాతకు దగ్గులు నేర్పడం అవుతుంది. ఆయన్ని చూడని పిల్లల కోసం నాలుగు మాటలు చెప్పి అసలు విషయంలోకి వెళతాను. అంతర్జాతీయ వాణిజ్యం పేపరును తెలుగు మీడియం డిగ్రీ పిల్లలకు తెలుగులోనే చెప్పి మెప్పించిన మనిషి ఆయన. రికార్డో సిద్ధాంతం బోర్డు మీద రాసిన మర్నాడే క్లాసునంతా గుంటూరు మిర్చి యార్డుకు తీసుకుపోయేవారు. టిక్కీల మధ్య తుమ్ముతూ నిలబడ్డ మమ్మల్ని చూసి, "రైతు కనిపిస్తున్నాడు, కమీషన్ ఏజెంటు కనిపిస్తున్నాడు. మరి కొనేవాడేడిరా?" అని అడిగేవారు. కొనేవాడు కొలంబోలోనో కౌలాలంపూర్‌లోనో ఉంటాడని, వాడు నాలుగు రోజులు మొహం చాటేస్తే ఇక్కడ ధర కూలబడుతుందని ఆ యార్డులోనే తెలుసుకున్నాం. ఆయన రాసింది తక్కువ, చెప్పింది ఎక్కువ. ఆయన పేరిట జరిగే సభలో ఆయన ప్రశ్న పట్టుకునే మాట్లాడటం న్యాయమనిపించింది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆసియా దేశాల ఆర్థిక వ్యవస్థలు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి, ఆ ముడికి నడుమ చైనా ఉంది. దీనిమీద ఎవరికీ పేచీ లేదు. అయితే ఇరుగుపొరుగుకు సరుకు అమ్మి, అప్పు ఇచ్చి, రైలు మార్గం వేసి ఇచ్చినంత మాత్రాన పెద్దరికం రాదు. వాళ్ల సరుకు కొనాలి, తన చేతికి తానే ఒక కట్టుబాటు వేసుకోవాలి. రెండూ ఖర్చుతో కూడిన పనులే. చైనా పిసినారితనం చూపిస్తున్నది సరిగ్గా ఈ రెండింటి దగ్గరే.

1. ఒప్పందాల కన్నా ముందు ఫ్యాక్టరీలు

యూరప్‌లో ముందు సంతకాలు జరిగాయి, తర్వాత సరుకు కదిలింది. ఆసియాలో వరస తిరగబడింది. 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయిలాండ్ కలిసి ఆసియాన్ పెట్టుకున్నప్పుడు వాళ్ల మనసులో వ్యాపారం కన్నా భయమే ఎక్కువ. పక్కన వియత్నాంలో యుద్ధం నడుస్తోంది. ఇండోనేషియా, మలేషియా అంతకు ముందు ఏడాది దాకా తమలో తాము కలబడుతూనే ఉన్నాయి. ఆ కూటమి లోపల సుంకాలు తగ్గించుకునే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి 1992 దాకా ముహూర్తం కుదరలేదు.

ఈలోగా సరుకు తన దారి తాను వెతుక్కుంది. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో ఐదు సంపన్న దేశాలు కూర్చుని డాలరు విలువ దించాలని నిర్ణయించాయి. డాలరుకు 240 దగ్గర ఉన్న యెన్ మూడేళ్లలో 120 చేరువకు వచ్చింది. జపాన్‌లో తయారుచేసి అమెరికాకు అమ్మితే ఇక గిట్టదు. జపాన్ కంపెనీలు పెట్టేబేడా సర్దుకుని థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియాలకు దిగాయి. కొరియా, తైవాన్ కంపెనీలూ అదే బాట పట్టాయి. ముందు నడిచే దేశం వదిలేసిన పరిశ్రమను వెనక దేశం అందుకుంటుందని 1930ల్లోనే అకమత్సు కనామె అనే జపాన్ ఆర్థికవేత్త చెప్పాడు. అడవి బాతులు బారులు తీరి ఎగిరే తీరుతో పోల్చిన ఆ సిద్ధాంతం ఈ దశలో బాగా చెలామణీ అయింది.

2001 డిసెంబరు 11న చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. ఆ వరసలో ఒదిగే పరిమాణం కాదు దానిది. అన్ని దేశాల విడిభాగాలూ అక్కడికి చేరి, బిగింపు అయి, పెట్టెల్లో పడి పడమటికి పోయే ఏర్పాటు ఒకటి తయారైంది. దీన్ని ఒక వస్తువులో చూడండి. 2009 నాటి ఐఫోన్‌ను టోక్యోలోని ఆసియా అభివృద్ధి బ్యాంకు పరిశోధన సంస్థ తరఫున ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కల్లో విడగొట్టి చూశారు. ఫ్యాక్టరీ దాటేసరికి దాని ఖర్చు 178.96 డాలర్లు. అందులో చైనాలో బిగించిన కూలీ 6.50 డాలర్లు. మిగతా సొమ్ములో ఎక్కువ భాగం జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా కంపెనీల విడిభాగాలది. వాణిజ్య లెక్కల్లో మాత్రం 178.96 డాలర్లూ చైనా ఎగుమతి కిందే పడ్డాయి.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఆనాటి చైనా పొరుగుదేశాల దగ్గర పెద్ద ఎత్తున కొనేది, కానీ కొన్నవి తన ఇంట్లో వాడుకోవడానికి కాదు. ఆ ఫోను చివరికి కొన్నవాడు అమెరికాలో ఉన్నాడు. ఆసియా వాణిజ్యంలో సగానికి పైగా ఆసియా దేశాల మధ్యే జరుగుతోందని మనం మురిసిపోయే అంకె ఉంది చూశారూ, దాని అడుగున ఆ దూరపు కొనుగోలుదారు కూర్చునే ఉన్నాడు.

2. 1997: మంచిపేరు వచ్చిన ఏడాది

1997 జులై 2న థాయిలాండ్ తన బాట్‌ను డాలరు ముడి నుంచి వదిలేసింది. డాలరుకు 25 ఉన్న బాట్ ఆరు నెలల్లో 50 దాటింది. ఇండోనేషియా, కొరియా, మలేషియా వరసగా జారాయి. 1998 జనవరిలో జకార్తాలో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో తలవంచి అప్పు ఒప్పందం మీద సంతకం పెడుతుంటే, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) అధిపతి మిషెల్ కాందెస్యూ చేతులు కట్టుకుని పైనుంచి చూస్తున్న ఫొటో ఒకటి ఉంది. ఆగ్నేయాసియాలో ఒక తరం ఆ ఫొటోను మరచిపోలేదు. నా దృష్టిలో ఆసియా ప్రాంతీయవాదానికి పునాదిరాయి ఆ ఫొటోయే, ఏ ప్రకటనా కాదు.

జపాన్ ఆ సెప్టెంబరులోనే 10 వేల కోట్ల డాలర్లతో ఆసియా ద్రవ్య నిధి పెడదామంది. అమెరికా, ఐఎంఎఫ్ అడ్డుపడ్డాయి. చైనా కూడా చేయి కలపలేదు. అయితే చైనా మరో పని చేసింది. చుట్టూ కరెన్సీలు కుప్పకూలుతున్నా తన యువాన్ విలువ తగ్గించలేదు. తగ్గించి ఉంటే పొరుగువాళ్ల ఎగుమతులు మరో దెబ్బ తినేవి. థాయిలాండ్‌కు 100 కోట్ల డాలర్లు సర్దింది కూడా. చార్లెస్ కిండిల్‌బర్గర్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1930ల మాంద్యం గురించి రాస్తూ, కష్టకాలంలో పెద్ద దేశం మిగతావాళ్ల సరుకుకు తన తలుపు తెరిచి ఉంచాలి, అప్పు పుట్టించాలి అన్నాడు. ఆ కొలబద్ద మీద 1997 చైనాకు మంచి మార్కులే పడతాయి. ఆనాటి మంచిపేరు వడ్డీతోనే అది పదేళ్లు బతికింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుగానైనా, 2000 మే నెలలో ఆసియాన్ దేశాలు చైనా, జపాన్, కొరియాలతో కలిసి చియాంగ్ మైలో ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఎవరి విదేశీ మారకం అడుగంటినా మిగతావాళ్లు సర్దాలి. అది ఇప్పుడు 24 వేల కోట్ల డాలర్ల నిధి. చైనా, జపాన్ వాటాలు సరిసమానం, చెరి 32 శాతం. ఇంతవరకు అందులోంచి ఒక్క డాలరు బయటికి తీయలేదు. 2008లో కొరియాకు డాలర్ల కటకట వచ్చినప్పుడు పక్కనున్న ఈ ఏర్పాటు తలుపు తట్టలేదు. అమెరికా ఫెడరల్ రిజర్వు దగ్గర 3 వేల కోట్ల డాలర్ల మార్పిడి ఒప్పందం చేసుకుంది. చియాంగ్ మై సొమ్ములో పెద్ద భాగం ముట్టాలంటే ముందు ఐఎంఎఫ్ దగ్గరికి పోవాలన్న షరతు ఉంది మరి. ఆ ఐఎంఎఫ్ గడప మళ్లీ తొక్కకూడదనే కదా ఇదంతా పెట్టుకున్నది! ఆసియా కాగితాలు చదివేటప్పుడు ఇలాంటి చోట కాస్త నవ్వుకోవచ్చు.

3. దురియన్, బట్ట

ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. చైనా ఏం కొంటోంది?

2002 నవంబరులో నామ్ పెన్‌లో ఆసియాన్‌తో చైనా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి సంతకం చేసింది. పూర్తి ఒప్పందం 2010లో అమల్లోకి వచ్చింది. అంతదాకా ఆగకుండా పళ్లు, కూరగాయల మీద సుంకాలు ముందే ఎత్తేసింది. ఇది తెలివైన పని, మనసున్న పని కూడా. ఆ తలుపులోంచి నడిచి వెళ్లినవాటిలో ముఖ్యమైంది దురియన్ పండు. పనసకాయకు మేకులు కొట్టినట్టుంటుంది. దాని వాసనకు సింగపూర్ మెట్రోలో రానివ్వరు. తూర్పు థాయిలాండ్‌లో చంతబురి అనే ప్రాంతం దీని పుట్టిల్లు లాంటిది. కోతకొచ్చిన రోజుల్లో అనుభవమున్న మనిషి కాయను కత్తి పిడితో తట్టి, చప్పుడును బట్టి పక్వం చెబుతాడు. కాయలను అట్టపెట్టెల్లో సర్ది, శీతల కంటైనర్లకెక్కించి చైనా సరిహద్దుకు పంపుతారు. 2023లో చైనా 14 లక్షల టన్నుల దురియన్ దిగుమతి చేసుకుంది, సుమారు 670 కోట్ల డాలర్ల సరుకు. 2022లో తాజా పండుకు అనుమతి దొరకగానే వియత్నాం రైతులు కాఫీ తోటలు తీసేసి దురియన్ మొక్కలు నాటారు. ఒక దేశపు మధ్యతరగతి నాలుక ఇంకో దేశపు కొండవాలు రూపమే మార్చేసింది. కొనేవాడి బలం అంటే అదీ.

ఆ బలానికి ఇంకో పక్క 2025 జనవరిలో కనిపించింది. పండు తొక్క రంగుకోసం వాడే ఒక పసుపు రసాయనం దొరికిందని, ప్రతి కంటైనరుకూ పరీక్షా పత్రం ఉండాలని చైనా కస్టమ్స్ పట్టుబట్టింది. రసాయనం హానికరమైనదే, పరీక్ష న్యాయమే. కానీ ఒకే కొనుగోలుదారు మీద బతికే తోటకు పరీక్ష కూడా పిడుగే. మన ఆక్వా రైతులకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు భీమవరంలో రొయ్య కౌంటు ధర ఏమయిందో వాళ్లు చూశారు.

ఇక రెండో పక్క బట్ట. మధ్య జావాలో సుకోహార్జో అనే ఊళ్లో శ్రీటెక్స్ అని ఒక పెద్ద వస్త్ర కంపెనీ ఉండేది. నాటో సైన్యాలకు యూనిఫాంలు కుట్టి పంపిన కంపెనీ. అది 2024 అక్టోబరులో దివాలా తీసింది, 2025 మార్చి 1న మూతపడింది. పది వేల మందికి పైగా రోడ్డున పడ్డారు. కంపెనీ చేసుకున్న అప్పుల పాపం ఉంది, కాదనను. కానీ ఇండోనేషియా నేత పరిశ్రమ అంతా ఏకకంఠంతో చెప్పిన మాట, చైనా బట్ట మా గిట్టుబాటు కన్నా తక్కువకు వచ్చి పడుతోందని. థాయిలాండ్ 2024 జులై నుంచి 1,500 బాట్‌ల లోపు ఆన్‌లైన్ పార్సిళ్ల మీద కూడా వ్యాట్ వేసింది. ఇండోనేషియా అయితే చైనా సరుకు అమ్మే టెము యాప్‌ను రానివ్వనంది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాలే ఈ పని చేశాయని గమనించండి.

2024లో చైనా ఆసియాన్ దేశాలకు 58 వేల కోట్ల డాలర్లకు పైగా సరుకు అమ్మి, 40 వేల కోట్లకు లోపే కొంది. ప్రపంచం మొత్తంతో దాని వాణిజ్య మిగులు 2025లో లక్ష కోట్ల డాలర్లు దాటింది. కారణం ఇంట్లోనే ఉంది. చైనా జీడీపీలో కుటుంబాలు ఖర్చుపెట్టేది 40 శాతం దగ్గర ఆగిపోయింది, మన దేశంలో అది 60 శాతం దగ్గర ఉంటుంది. జబ్బు చేస్తే, ముసలితనం వస్తే ఎలాగన్న భయంతో అక్కడి కుటుంబం దాచుకుంటుంది. బ్యాంకులు ఆ డబ్బు తీసుకెళ్లి ఫ్యాక్టరీల్లో పోస్తాయి. పైగా 2009లో పొరుగువాళ్ల దగ్గర కొన్న విడిభాగాలు ఇప్పుడు చైనాయే తయారు చేసుకుంటోంది. పారిశ్రామిక విధానంగా చూస్తే అది ఘనవిజయం. పొరుగువాళ్లకు మాత్రం ఆ మేరకు గిరాకీ పోయింది. పళ్లు, నికెలు, రబ్బరు, బొగ్గు కొనేవాడిగా చైనా మిగిలింది. ఫ్యాక్టరీ సరుకుకు కొనేవాడు ఇంకా అమెరికాలోనే ఉన్నాడు.

వియత్నాం దీనికి నిలువెత్తు సాక్ష్యం. చైనా దగ్గర యంత్రాలు, విడిభాగాలు, బట్ట తానులు కొని, వాటిని వస్తువులుగా చేసి అమెరికాకు అమ్ముతుంది. 2024లో చైనాతో దాని లోటు 8 వేల కోట్ల డాలర్లకు పైన, అమెరికాతో మిగులు 12 వేల కోట్లకు పైన. ట్రంప్ 2025 ఏప్రిల్‌లో వియత్నాం మీద 46 శాతం సుంకం ప్రకటించినప్పుడు హనోయ్ వాళ్లు బీజింగ్‌కు కాకుండా వాషింగ్టన్‌కు పరిగెత్తింది ఇందుకే.

4. అప్పు, రైలు

చైనా ఇచ్చే అప్పుల మీద, వేసే రైలు మార్గాల మీద చాలామంది చాలా మాట్లాడారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. లావోస్ సరిహద్దు ఊరు బోతెన్ నుంచి రాజధాని వియన్‌చాన్ దాకా 2021 డిసెంబరు 3న రైలు మొదలైంది. 400 కిలోమీటర్ల పైచిలుకు దారి, 75 సొరంగాలు. రోజంతా పట్టే కొండదారి ప్రయాణం నాలుగు గంటల్లోకి వచ్చింది. సముద్రమే లేని దేశానికి ఇది చిన్న వరం కాదు. ఖర్చు సుమారు 600 కోట్ల డాలర్లు. అప్పట్లో ఆ దేశపు జీడీపీ 2 వేల కోట్ల డాలర్లకు అటూ ఇటూ. రైలు కంపెనీలో 70 శాతం చైనాది. 2021లోనే లావోస్ తన విద్యుత్ ప్రసార గ్రిడ్‌ను చైనా కంపెనీకి అధిక వాటా ఉన్న సంస్థకు 25 ఏళ్లకు రాసిచ్చింది. దీన్ని అప్పుల ఉచ్చు అని తిట్టిపోసే వాదం నాకు పూర్తిగా నచ్చదు. అప్పు తీసుకున్నవాళ్లూ చిన్నపిల్లలు కారు. నేను అడిగేదల్లా, ఆ రైల్లో ఇటు నుంచి అటు ఏం పోతోంది అని. అటు నుంచి యంత్రాలు, విద్యుత్ పరికరాలు, గృహోపకరణాలు వస్తాయి. ఇటు నుంచి పళ్లు, కసావా, రబ్బరు, ఖనిజాలు పోతాయి. రైలు వేసిన దేశం రెండో దిక్కు బోగీల్లో ఫ్యాక్టరీ సరుకు కూడా నింపనివ్వగలిగితే లావోస్ అప్పు దానంతటదే తీరుతుంది.

5. మోటుపల్లి శాసనం

ఇప్పుడు ఒకసారి మన ఊరికి రండి. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి. వీరభద్రాలయంలో ఒక స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు ఓడ పగిలి మన ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. తాను అలా చేయనని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు రాయించాడు. సుంకాల పట్టికలో చీని కర్పూరం కూడా ఉంది. ఆలోచించండి. ఆనాడు తెలుగునేల మీద ఆయన్ని అడిగేవాడు లేడు. దోచుకోగల బలం ఉండి, ఆ చేతిని రాతి మీద రాసి మరీ కట్టేసుకున్నాడు. ఓడలు రావడానికి ఆ రాత కావాలి.

ఇక చైనా సంగతి. కొనేవాడైతే చాలదు, రేపు అలిగి వ్యాపారం ఆపేయనన్న హామీ కూడా ఇవ్వాలి అని ఎందుకంటున్నానంటే, 2010లో సెన్‌కాకు దీవుల గొడవలో జపాన్‌కు అరుదైన ఖనిజాలు ఆగాయి. 2012లో స్కార్‌బరో దిబ్బ దగ్గర ఓడలు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు, పురుగు ఉందన్న కారణంతో ఫిలిప్పీన్స్ అరటిగెలలు చైనా రేవుల్లో కుళ్లాయి. 2017లో అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థకు స్థలం ఇచ్చిన పాపానికి కొరియా లోటే కంపెనీ దుకాణాలకు చైనాలో అగ్నిమాపక నిబంధనలు గుర్తొచ్చాయి. 2020 నవంబరు 15న ఆర్‌సెప్ అనే ప్రాంతీయ వాణిజ్య ఒప్పందం మీద చైనా, ఆస్ట్రేలియా కలిసి సంతకం చేశాయి. ఇంకా అమల్లోకి రాని ఆ ఒప్పందం సిరా ఆరకముందే, రెండు వారాలు తిరక్కుండా, ఆస్ట్రేలియా వైన్ మీద చైనా 100 శాతానికి పైగా సుంకం వేసింది. తీసేసింది 2024లో.

చైనాకు చేయి కట్టుకోవడం చేతకాదా అంటే, చేతనవును. అందుకు సాక్ష్యం మన దగ్గరే ఉంది. బీజింగ్ కేంద్రంగా 2016లో మొదలైన ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకులో చైనాకు పావు వంతుకు మించి ఓట్లున్నాయి. రెండో పెద్ద వాటాదారు భారతదేశం, అక్కడ ఎక్కువ అప్పు తీసుకున్నదీ మనమే. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల విద్యుత్ పథకానికి 2017లో 16 కోట్ల డాలర్లు, గ్రామీణ రోడ్లకు 2018లో 45.5 కోట్ల డాలర్లు ఆ బ్యాంకు మంజూరు చేసింది. మీలో కొందరు ఇవాళ ఆ రోడ్ల మీదుగానే వచ్చి ఉంటారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది అమరులయ్యారు. జూన్ 17న ఆ బ్యాంకు కోవిడ్ సహాయంగా మన దేశానికి 75 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. బ్యాంకుకు నియమావళి ఉంది, బోర్డు ఉంది, చైనా ఒక్కటే ఫైలు ఆపే వీల్లేదు. అరటిగెల విషయంలో లేనిదీ, ఈ రుణం విషయంలో ఉన్నదీ ఆ రాతకోతలే.

ఆర్‌సెప్‌ను చైనా కూటమి అని మన పత్రికలు రాస్తుంటాయి. దాన్ని కూర్చింది ఆసియాన్. 15 దేశాలు, ప్రపంచ జీడీపీలో 30 శాతం దాకా. చైనా, జపాన్, కొరియా మూడూ కలిసి ఒకే సుంకాల ఒప్పందం కిందికి రావడం అదే మొదలు. ఆ ముగ్గురిలో ఎవరు పిలిచినా మిగతా ఇద్దరు అనుమానించేవాళ్లు. ఏ బలమూ లేని ఆసియాన్ పిలిస్తే వచ్చారు. దాని బలహీనతే ఇక్కడ అక్కరకొచ్చింది.

6. మన సంగతి

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆర్‌సెప్ నుంచి బయటికి వచ్చింది. పాడి రైతుల భయం నిజమైనది, చైనా సరుకు భయమూ నిజమైనదే. కానీ తలుపు మూసినా సరుకు ఆగలేదు. 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు 9,900 కోట్ల డాలర్ల చుట్టూ ఉంది. హైదరాబాదు మందుల కంపెనీలకు కావలసిన బల్క్ డ్రగ్స్, వాటి ముడి రసాయనాల దిగుమతుల్లో సుమారు 70 శాతం అక్కడి నుంచే. పెన్సిలిన్-జి మళ్లీ మనమే తయారుచేయాలని కాకినాడ దగ్గర 2024లో ఒక ఫ్యాక్టరీ మొదలైంది. చాలా మంచి పని, కాకపోతే ఒక మందుతో తీరే లోటు కాదిది. చైనా మన దగ్గర ఇనుప ఖనిజం కొంటుంది, పత్తి, రొయ్యలు కొంటుంది, మాస్టారి కాలం నాటి కొలంబో వ్యాపారి స్థానంలో నిలబడి గుంటూరు తేజ మిర్చి కొంటుంది. మన ఫ్యాక్టరీ సరుకు దగ్గరికి వచ్చేసరికి దాని చేయి ముడుచుకుంటుంది.

విద్యార్థులు ఒక ఉదాహరణ రాసుకోండి. చైనాలో రక్త క్యాన్సరు రోగులు వాడే పేటెంటు మందు నెలకు 23,500 యువాన్లు ఉండేది. అదే మందు, ఇమాటినిబ్, హైదరాబాదు కంపెనీ ఒకటి అందులో చిన్న వంతుకే అమ్మేది. ఒక రోగి దాన్ని తెప్పించుకుని వాడి, తోటి రోగులకూ తెప్పించి పెట్టాడు. చైనాలో అనుమతి లేని మందు కాబట్టి చట్టం లెక్కలో అది నకిలీ మందు. ఆయన్ని అరెస్టు చేశారు. వందల మంది రోగులు ఆయన తరఫున అర్జీ పెట్టుకున్నారు. 2015లో కేసు ఎత్తేశారు. 2018లో ఈ కథ మీద వచ్చిన సినిమాకు చైనాలో జనం విరగబడ్డారు. 2019లో మందుల చట్టాన్ని సవరించి, విదేశాల్లో చట్టబద్ధంగా అమ్మే మందును నకిలీ అనడం మానేశారు.

చూడండి, కొనాలన్న కోరిక అక్కడి జనంలో ఎంతుందో! ఒక మనిషి జైలుకైనా సిద్ధపడి మన సరుకు కొన్నాడు. తలుపు తెరవాల్సింది ప్రభుత్వం. ఇప్పుడు చైనా ఆసుపత్రులకు మందులు దేశవ్యాప్త టెండర్ల మీద కొంటున్నారు. హైదరాబాదు కంపెనీ ఒకటి అందులో ఒక మందుకు గెలిచింది కూడా. మన వాణిజ్య శాఖ చైనాతో కూర్చున్నప్పుడల్లా లోటు గురించి మొరపెట్టుకోవడం నేను వింటూనే ఉన్నాను. లోటు మీద మొర ఎవరూ వినరు. ఫలానా మందులకు ఇన్ని నెలల్లో అనుమతి, ఫలానా టెండర్లో ప్రవేశం, నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని పేర్లు పెట్టి అడగాలి. ఆసియాన్ వాళ్లు దురియన్‌కు అలాగే అడిగి తెచ్చుకున్నారు. ఆర్‌సెప్‌లో మళ్లీ చేరాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడు నన్ను అడిగితే, ముందు ఆ మందుల జాబితా చూపించమంటాను.